తయారైన చోటే తాగే పానీయం: బ్రూపబ్బు, కల్లుపాక – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రయాణంలో భాగంగా చిన్న బీరు తయారీశాలలను, బ్రూపబ్బులను సందర్శించడం గత రెండు దశాబ్దాలలో భారతీయ నగరాలకు కూడా విస్తరించింది. తయారైన చోటే తాజా పానీయాన్ని రుచిచూడడం ఈ సందర్శనలోని ప్రధానాంశం. తెలుగునేలపై ఇదే లక్షణం గల పానీయం కల్లు. చెట్టునుండి దించిన కొన్ని గంటలలోనే తాగవలసినది కావడంతో అది దూరప్రయాణానికి లొంగదు. తాగేవారే దాని దగ్గరకు రావాలి. బ్రూపబ్బును, కల్లుపాకను పక్కపక్కన ఉంచి, తయారీకి, సేవనానికి మధ్య ఉండే దూరమే పానీయపు నాణ్యతను, గీతకార్మికుని బతుకును నిర్ణయిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెనాలి మండలంలోని కొలకలూరు మొదలుకొని బాపట్ల, రేపల్లె తీరం దాకా ఉన్న డెల్టా ప్రాంతాన్ని ఆధారభూమిగా తీసుకొని, అవసరమైన చోట హైదరాబాదు, కేరళ, గోవా అనుభవాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కల్లు, గీతవృత్తి, బ్రూపబ్బు, తాటిచెట్టు, కృష్ణా డెల్టా, కల్తీ, మద్యనిషేధం, నీరా.

1. ఉపోద్ఘాతం

ఒక ఊరి తిండిని ఆ ఊళ్లోనే తినాలని కోరుకునే యాత్రికులు ఎప్పుడూ ఉన్నారు. పానీయం విషయంలో ఈ కోరికకు మరింత బలమైన కారణం ఉంది. కొన్ని పానీయాలు సీసాలో ఖండాంతరాలు దాటుతాయి. మరికొన్ని మాత్రం పుట్టినచోటు విడిచిన కొద్దిసేపటికే స్వభావం మార్చుకుంటాయి. కల్లు ఈ రెండవ వర్గానికి చెందినది.

‘కల్లు’ ద్రావిడ పదం. తమిళ, కన్నడ, మలయాళ భాషలలోనూ దీనికి సజాతి పదాలున్నాయి. ఇంగ్లీషువారి ‘టాడీ’ మాత్రం తాటిచెట్టు పేరైన ‘తాడ్’ నుండి, ‘తాడీ’ అనే హిందీ రూపం ద్వారా ఏర్పడింది. తెలుగు సాహిత్యంలో మద్యశాల బాటసారులు, ఉద్యోగులు, పనివారు ఒకచోట చేరే స్థలంగా కనిపిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలోని సారాదుకాణం దృశ్యంలో దేశాలు తిరిగిన బైరాగి, హవల్దారు, దుకాణదారు ఒకేచోట కూర్చొని లోకవిషయాలు మాట్లాడుకుంటారు. అక్కడ వేదాంతం, వేళాకోళం, మత్తు కలగలిసి ఉంటాయి. ప్రయాణికుడు స్థానికులను కలుసుకునే తావుగా మద్యశాలకు ఉన్న సామాజిక ప్రాముఖ్యానికి అది మంచి నిదర్శనం.

అయినప్పటికీ బ్రూపబ్బు సందర్శన నేడు అభిరుచిగా చెలామణి అవుతుండగా, కల్లుపాకకు వెళ్లడం చాటుమాటు వ్యవహారంగానే మిగిలింది. ఈ వ్యత్యాసానికి కారణాలేమిటి? దాని పర్యవసానం ఎవరిపై పడుతున్నది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే ముందుగా రెండు పానీయాల తయారీ పద్ధతులను పరిశీలించాలి.

2. బ్రూపబ్బు: స్వరూపం, విస్తృతి

బీరును తయారుచేసి అదే ప్రాంగణంలో అమ్మే పానశాలను బ్రూపబ్బు అంటారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీపిద్రవం తీస్తారు. దానిని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. పులియడానికి, పక్వం కావడానికి రోజులనుండి వారాల దాకా పడుతుంది. పెద్ద కర్మాగారాలు ఈ బీరును సాధారణంగా వడగట్టి, వేడిచేసి, సీసాలలో నింపి నెలల తరబడి నిలువ ఉంచుతాయి. బ్రూపబ్బు దానిని తొట్టెనుండి నేరుగా గ్లాసులోకి వంచుతుంది. సందర్శకుడు అద్దాల అవతల రాగి, ఉక్కు పాత్రలను చూస్తూ, తయారుచేసే వ్యక్తితో మాట్లాడుతూ రుచిచూడగలడు.

ఐరోపాలో ఈ పద్ధతికి దీర్ఘచరిత్ర ఉంది. బవేరియా పాలకులు 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ కలపరాదని శాసించారు. ఇంగ్లండులో కర్మాగారపు బీరు ధాటికి సంప్రదాయ పానీయం అంతరిస్తుందని భావించిన వినియోగదారులు 1971లో ‘కామ్రా’ అనే ఉద్యమసంస్థను స్థాపించారు. అమెరికాలో మద్యనిషేధకాలం తరువాత తొలి బ్రూపబ్బు 1982లో యాకిమా పట్టణంలో వెలిసింది. మూడుచోట్లా ఉమ్మడిగా కనిపించేది ఒకటే: గ్లాసులో ఏముందో తాగేవారికి తెలియాలన్న పట్టుదల.

భారతదేశంలో పుణె నగరంలో 2009లో ప్రారంభమైన ‘డూలాలీ’తో ఈ ధోరణి మొదలై, బెంగళూరులో వేగంగా వ్యాపించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో చిన్న బీరు తయారీశాలల నిబంధనలు రూపొందించింది. ఆ తరువాతి సంవత్సరాలలో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఇవి వెలిశాయి. ఆ విధంగా ‘తయారైన చోటే తాగడం’ అనే భావనకు చట్టంలో స్థానం, నగరజీవనంలో గౌరవం లభించాయి.

3. కల్లు: చెట్టు, గీత, పులియడం

కల్లుకు తొట్టె అవసరం లేదు. చెట్టే దాని తయారీశాల. తాటి, ఈత, కొబ్బరి చెట్లనుండి, మన్యంలో జీలుగు చెట్టునుండి కల్లు తీస్తారు. కృష్ణా డెల్టాలో ప్రధానమైనది తాటికల్లు. తాటిలో మగ, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. పూత దశలోని గెలలను నొక్కి మెత్తబరచి, కొసలను పలుచగా చెక్కుతారు. ఆ కోతనుండి కారే తీపిరసం గెలకు కట్టిన కుండలోకి చేరుతుంది. రసం కారడం ఆగకుండా ఉదయం, సాయంత్రం కొత్తగా గీస్తూ ఉండాలి. ఆడచెట్టు గెలను గీస్తే ఆ గెలకు ముంజలు ఉండవు. కనుక ఏ చెట్టును కల్లుకు వాడాలో, దేనిని కాయకు విడవాలో నిర్ణయించడం కూడా గీతవిద్యలో భాగమే.

కుండలోకి చేరగానే రసం పులియడం మొదలవుతుంది. గాలిలో, కుండ గోడలలో ఉండే ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. దానితోపాటు లాక్టిక్ ఆమ్లాన్ని, ఎసిటిక్ ఆమ్లాన్ని ఉత్పత్తిచేసే బాక్టీరియా కూడా పనిచేస్తుంది. బయటినుండి ఈస్టు కలపనవసరం లేదు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా, తేలికగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి, మత్తు, పులుపు పెరుగుతాయి. ఒక రోజు గడిస్తే వెనిగరు వాసన వస్తుంది. కుండకు లోపల సున్నం పూస్తే పులియడం నిలిచిపోతుంది. ఆ తీపిరసమే నీరా. దానిని కాచితే తాటిబెల్లం అవుతుంది. మద్యమైన కల్లు, మద్యం కాని నీరా, తిండివస్తువైన బెల్లం మూడూ ఒకే రసపు మూడు దశలు. వాటిని వేరుచేసేవి సున్నపు పూత, పొయ్యి, కాలం మాత్రమే.

బ్రూపబ్బు బీరును శీతలీకరణతో కొన్ని వారాలు కాపాడవచ్చు. కల్లుకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ‘తయారైన చోటే తాగడం’ బ్రూపబ్బుకు వ్యాపారనిర్ణయం కాగా, కల్లుకు ప్రకృతిధర్మం.

గీతకార్మికుని శ్రమను కూడా ఇక్కడ పరిగణించాలి. తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. నిలువుగా, కొమ్మలు లేకుండా పెరిగే ఆ చెట్టును నడుముకు మోకు, కాళ్లకు తాడుబందం వేసుకొని ఎక్కాలి. ఒక్కొక్కరు రోజుకు పలు చెట్లను, ప్రతి చెట్టునూ రెండు పూటలా ఎక్కిదిగుతారు. జారిపడి మరణించినవారు, నడుము విరిగి మంచాన పడినవారు గీతకుటుంబాలలో ఎందరో ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీతకార్మికుల కులదైవం పేరిట ‘కాటమయ్య రక్షణ కవచం’ అనే భద్రతా పరికరాల పంపిణీని ప్రారంభించడం ఈ ప్రమాదానికి అధికారికంగా లభించిన గుర్తింపు.

4. కొలకలూరు నుండి సముద్రతీరం దాకా

కొలకలూరు తెనాలి మండలంలోని కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామం. 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట ఈ ప్రాంతాన్ని వరిమాగాణిగా మార్చింది. నల్లరేగడి పొలాల మధ్య తాటిచెట్లకు దక్కినది కాలువగట్లు, పొలాల సరిహద్దులు, ఊరి పొలిమేరలు. తెనాలినుండి ఒక రైలుమార్గం వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరుతుంది. మరొక మార్గం నిడుబ్రోలు మీదుగా బాపట్లకు వెళుతుంది. సముద్రాన్ని సమీపించేకొద్దీ నేల ఇసుకమయమై, వరి పలుచబడి, తాటితోపులు చిక్కబడతాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. తాటిచెట్ల వరుస మాత్రం ఆ సరిహద్దుతో నిమిత్తం లేకుండా సాగుతుంది.

ఈ దారిన వచ్చే యాత్రికులకు భట్టిప్రోలు స్తూపం, బాపట్ల సమీపంలోని సూర్యలంక తీరం సుపరిచితాలు. దారి పొడవునా తాటిచెట్టు ఇచ్చే వస్తువులు అమ్మకానికి ఉంటాయి. వేసవిలో ముంజలు, ఆ తరువాత తాటిపండ్లు, చలికాలంలో తేగలు బుట్టలలో పెట్టి రోడ్డుపక్కనే అమ్ముతారు. కుటుంబాలు బండ్లు ఆపి కొనుక్కుంటాయి. అదే చెట్టునుండి వచ్చే కల్లు మాత్రం రోడ్డుకు ఎడంగా, తోపులో, తాటాకు పాక కింద ఉంటుంది. ముంజలు అడిగే గొంతు కల్లు అడిగేటప్పుడు తగ్గిపోతుంది.

డెల్టాలోని కల్లుపాకను బ్రూపబ్బు కొలతలతో పరిశీలిస్తే ఆశ్చర్యకరమైన సామ్యం కనిపిస్తుంది. ముడిసరుకు కళ్లెదుటే ఉంటుంది. తయారుచేసినవారే పోస్తారు. ఏ చెట్టు కల్లు, ఏ పూట దించినది అని అడిగితే సమాధానం దొరుకుతుంది. చెట్టు మారితే రుచి మారుతుంది. ఋతువు మారితే దిగుబడి మారుతుంది. కొరతగా ఉన్నది ఒకటే: ఆ స్థలాన్ని చూడదగినదిగా, ఆ పనిని తెలుసుకోదగినదిగా భావించే దృష్టి.

5. చట్టం, మద్యనిషేధం, గీతవృత్తి

ఈ దృష్టి లోపించడానికి చారిత్రక కారణాలున్నాయి. బ్రిటిషు పాలనలో అబ్కారీ విధానం కల్లును ప్రధానంగా ఆదాయవనరుగా చూసింది. చెట్టుపన్ను, దుకాణాల వేలంపాటలు గీతకార్మికునికీ తాగేవారికీ మధ్య కంట్రాక్టరును ప్రవేశపెట్టాయి. జాతీయోద్యమం కల్లు దుకాణాల పికెటింగును స్వరాజ్యసాధనలో భాగం చేసింది. మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా విస్తరించింది. గుంటూరు జిల్లా కూడా దాని పరిధిలోకి వచ్చింది. గీతకార్మికులకు ప్రత్యామ్నాయంగా చూపిన తాటిబెల్లం తయారీ ఆ వృత్తిపై ఆధారపడిన కుటుంబాలన్నిటినీ నిలబెట్టలేకపోయింది.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ సమస్య ప్రభుత్వాన్నే కూల్చింది. గీతకార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. మద్యనిషేధాన్ని అధ్యయనం చేసిన రామమూర్తి సంఘం దాని రద్దును సూచించింది. ఈ అంశంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. తెలుగువారి తొలి భాషారాష్ట్రపు మొదటి మంత్రివర్గం పతనం వెనుక తాటిచెట్టు ఉన్నదన్న వాస్తవం రాజకీయచరిత్రలో తగినంతగా చర్చకు రాలేదు.

మరొకవైపు మద్యం కుటుంబాలను ఛిద్రం చేసిన అనుభవం కూడా అంతే సత్యం. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ముడిపడిన 1992 నాటి సారావ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ స్త్రీల పోరాటానికి ప్రధాన లక్ష్యం సారా. మారుమూల పల్లెలకు సైతం ప్యాకెట్లలో చేరిన ఆ సరుకు ఎక్కడ, ఎవరి చేత, దేనితో తయారైనదో తాగేవారికి తెలిసే వీలు లేదు. తయారీకి, సేవనానికి మధ్య దూరం పెరగడమనే ప్రక్రియకు సారా ప్యాకెట్టు పరాకాష్ఠ.

ఇటీవలి విధానాలు గీతకులాలకు వేరొక రూపంలో ఊరట కల్పించాయి. తెలంగాణ 2021లో మద్యం దుకాణాలలో 15 శాతం గౌడులకు, ఆంధ్రప్రదేశ్ 2025లో 340 దుకాణాలు గీతకులాలకు కేటాయించాయి. ఇవి ఆర్థికంగా ఉపయోగకరమైనవే. అయితే దుకాణంలో అమ్మేది డిస్టిలరీనుండి వచ్చిన సీసా. చెట్టెక్కే నైపుణ్యానికి, తోపుల సంరక్షణకు ఈ కేటాయింపు తోడ్పడదు. బ్రూపబ్బుకు అనుమతి ఇచ్చిన చట్టం తయారీని, అమ్మకాన్ని ఒకచోట చేర్చింది. గీతకులాలకు దుకాణమిచ్చిన విధానం వారిని తయారీనుండి అమ్మకానికి మళ్లించింది.

6. దూరం, కల్తీ

హైదరాబాదు నగరంలోని కల్లు కాంపౌండ్ల చరిత్ర ఈ వాదానికి బలమైన ఉదాహరణ. నగరంలో తాగేవారు లక్షల్లో ఉన్నా, వారికి సరిపడే చెట్లు నగరంలో లేవు. జిల్లాలనుండి తెచ్చే కల్లు దారిలోనే పులిసిపోతుంది, పరిమాణమూ చాలదు. ఈ కొరతను నీరు, శాకరిన్, మత్తుమందులు పూరించాయి. క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్‌ప్రాజోలం వంటి రసాయనాలు కల్లు పేరిట ప్రజల శరీరాలలోకి చేరాయి. నగరంలో 2004లో మూసివేసిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. 2015లో తెలంగాణ జిల్లాలలో కల్తీకల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు, మత్తుమందుకు అలవాటుపడినవారు అది దొరకక వణుకు, మూర్ఛలు, వింతప్రవర్తనలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు.

ఈ విషాదాలలో నింద కల్లుకు పడుతుంది. నిజానికి చెట్టునుండి దిగిన కల్లులో ఆల్‌ప్రాజోలం ఉండదు. చెట్టు లేనిచోట కల్లు అమ్మాలన్న వ్యాపారమే దానిని తెచ్చింది. పాడైన పేరు మాత్రం కొలకలూరు కాలువగట్టున గీసే కార్మికునికీ వర్తిస్తుంది. నగరపు మరణాల వార్త చదివిన యాత్రికుడు డెల్టాలోని స్వచ్ఛమైన కల్లునూ శంకిస్తాడు. గిరాకీ తగ్గితే గీతమాని కూలికి వెళతారు. గీతలేని తాడి యజమానికి భారమై, ఇటుకబట్టీలో కట్టెగా మారుతుంది లేదా రొయ్యలచెరువుకు చోటిస్తుంది. చెట్లు తగ్గినకొద్దీ కల్తీకి అవకాశం పెరుగుతుంది. ఈ వలయాన్ని ఛేదించడమే అసలు సమస్య.

7. ఇతర ప్రాంతాల అనుభవం

కేరళలో, ముఖ్యంగా కుట్టనాడు ప్రాంతంలో, కల్లుషాపు చేపలకూరకు, కర్రపెండలం వంటకానికి ప్రసిద్ధి చెంది పర్యాటకులను ఆకర్షిస్తున్నది. అక్కడ వంటకం కల్లుకు గౌరవం తెచ్చింది. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. తమిళనాడులో 1987నుండి కల్లుగీతపై నిషేధం ఉన్నప్పటికీ, ప్రభుత్వ దుకాణాలలో సీసామద్యం అమ్మకం కొనసాగుతున్నది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన 2023 మేలో ప్రారంభమైన నీరా కేఫ్ మద్యం కాని రూపంలో చెట్టురసాన్ని నగరానికి పరిచయం చేసింది. నీరాను నగరానికి తేవడానికి దించినప్పటినుండి పోసేవరకు శీతలీకరణ తెగకుండా ఉండాలి. డెల్టాలో చెట్టు కిందనే తాగేవారికి ఆ ఖర్చు లేదు. కనుక బాపట్ల, రేపల్లె ప్రాంతానికి అనువైన మార్గం సరుకును దూరం పంపడంకంటే సందర్శకుని చెట్టుదగ్గరకు రప్పించడం.

8. సందర్శకుడు గమనించవలసిన అంశాలు

బ్రూపబ్బులో సందర్శకుడు గింజ, ఈస్టు, తేదీల గురించి అడుగుతాడు. కల్లుపాకలో అడగవలసినవీ అటువంటివే.

మొదటిది, చెట్టు. గీస్తున్న చెట్లు సమీపంలో కనిపించాలి. చెట్లు లేనిచోట, ఋతువుతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా ఒకే పరిమాణంలో దొరికే కల్లు శంకింపదగినది.

రెండవది, వేళ. ఉదయం దించిన కల్లుకు, సాయంత్రం దాకా నిలిచిన కల్లుకు రుచిలోనూ మత్తులోనూ భేదం ఉంటుంది. తాజా కల్లు పాలవన్నెలో ఉండి, పులియడం సాగుతున్నందున సన్నని నురగ కడుతూ ఉంటుంది.

మూడవది, రుచి. చెట్టుకల్లులో తీపి, పులుపు కలిసి ఉంటాయి. నాలుకపై నిలిచిపోయే కృత్రిమ తీపి, కొద్దిగా తాగగానే కమ్మే నిద్రమత్తు కల్తీ లక్షణాలు. అయితే మత్తుమందును రుచితో మాత్రమే కనిపెట్టడం సాధ్యం కాదు. అందువల్ల చెట్టును, గీసినవారిని చూడడమే మేలైన పరీక్ష.

నాలుగవది, మితం. కల్లు తేలికపాటి పానీయమైనా మద్యమే. వాహనం నడిపేవారు, గర్భిణులు, కాలేయవ్యాధి గలవారు దానికి దూరంగా ఉండాలి. మద్యం వద్దనుకునేవారు సున్నపుకుండ నీరాను, తాటిబెల్లాన్ని అడిగి తీసుకోవచ్చు. ఆ గిరాకీ కూడా చెట్టును నిలబెడుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• తయారైన చోటే తాగడమనే లక్షణంలో కల్లుపాక బ్రూపబ్బుకు సమానం. కల్లులో ఆ లక్షణం రసస్వభావం వల్లనే సిద్ధించింది.

• చట్టం బ్రూపబ్బులో తయారీని, అమ్మకాన్ని కలిపింది. గీతవృత్తి విషయంలో అబ్కారీ వేలంపాటల కాలం నుండి వాటిని విడదీస్తూ వచ్చింది.

• కల్తీ ప్రధానంగా చెట్టుకు, తాగేవారికి మధ్య పెరిగిన దూరం ఫలితం. నగరంలోని కల్తీ డెల్టా గీతకార్మికుని జీవికను కూడా దెబ్బతీస్తున్నది.

• దుకాణాల కేటాయింపుతోపాటు తోపుల సంరక్షణ, చెట్టెక్కే భద్రతా పరికరాలు, చెట్టు వద్దనే కల్లు, నీరా, బెల్లం అమ్ముకునే అనుమతి కలిస్తేనే గీతవృత్తి నిలుస్తుంది.

బవేరియాలో 1516 నాటి శాసనం గ్లాసులో ఏముండాలో చెప్పింది. తెలుగునేలపై ఆ హామీని ఇవ్వగలిగినది కనుచూపుమేరలో నిలిచిన తాటిచెట్టు, దానిని ఎక్కిదిగే మనిషి. ఆ చెట్టు కింద ఆగి, ఆ మనిషిని పలకరించి, గీత ఎలా సాగుతుందో అడిగి తెలుసుకునే యాత్రికులు పెరిగినప్పుడు డెల్టా కల్లుపాక చాటునుండి వెలుగులోకి వస్తుంది. వారిలో కొందరు కల్లు రుచిచూడవచ్చు, మరికొందరు బెల్లం కొనుక్కొని వెళ్లవచ్చు. రెండింటివల్లా కాలువగట్టు మీది తాడికి మరికొంత ఆయుస్సు లభిస్తుంది.